చేతి కొలతను కాగితం మీద పెట్టడమంటే

ప్రశ్న: మాది పర్లాకిమిడి. గణితంలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. మా అమ్మ, పెద్దమ్మ, ఇంకో ఎనిమిది మంది కలిసి సంఘంగా ఆవకాయ, అప్పడాలు చేసి అమ్ముతారు. పాతపట్నం దుకాణాల వాళ్ళు కూడా సరుకు పంపమంటున్నారు. అప్పు కోసం బ్యాంకుకి వెళితే, "ముందు ఫార్మలైజ్ అవ్వండి, దానికే ఒక పథకం ఉంది" అన్నారు. అదే వారం కాలేజీలో నా నిరూపణకి సున్నా వేసి, పక్కన "ఫార్మల్‌గా లేదు" అని రాశారు. విశాఖపట్నంలో సాఫ్ట్‌వేర్ పని చేసే మా బావ కూడా వాళ్ళ ఆఫీసు గురించి చెబుతూ ఇదే మాట అంటాడు. ఇవన్నీ ఒకటేనా? అమ్మావాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి? పెద్దమ్మ మాత్రం, "పాళ్ళు కాగితం మీద పెడితే రేపు ఊరంతా చేసేస్తుంది" అని ఒప్పుకోవడం లేదు.
– ఒక విద్యార్థిని, గజపతి జిల్లా, ఒడిశా

సమాధానం: ఒకటేనమ్మా. మీరు చేసింది సరిగా ఉందో లేదో, మిమ్మల్ని ఎరగని మనిషి మిమ్మల్ని అడగకుండానే తేల్చుకోగలగాలి. అలాంటి రూపంలో పెట్టడమే ఫార్మలైజేషన్. బ్యాంకులో ఆ ఎరగని మనిషి అప్పు మంజూరు చేసే అధికారి. పరీక్షలో మీ పేపరు దిద్దేవారు. మీ బావ ఆఫీసులో అది మనిషి కూడా కాదు, యంత్రం. ఎవరి కోసం రాస్తున్నామో మారినప్పుడల్లా రాసే పద్ధతి మారుతుంది, పని మాత్రం అదే.

ఈ మాటకి తెలుగులో స్థిరపడిన సాటి లేదు. పత్రికలు "క్రమబద్ధీకరణ" అని రాస్తాయి కానీ, అనుమతి లేని లేఅవుట్లకి కూడా అదే మాట వాడడంతో అర్థం కలిసిపోతుంది. "లాంఛనం" అంటే ఇంకా పొరపాటు. లాంఛనంగా చేశారంటే పైపైన చేశారనే మనకు వినిపిస్తుంది. ఫారాలు నింపి ఊరుకుంటే నిజంగా లాంఛనమే మిగులుతుంది, పని జరగదు. అందుకే కాగితాల కంటే ముందు వంటింటి సంగతి చెబుతాను.

మీ పెద్దమ్మగారి ఆవకాయ లెక్క బహుశా అందరి ఇళ్ళలో ఉన్నదే అయి ఉంటుంది: ముక్కలు నాలుగు గిన్నెలు, ఆవపిండి ఒకటి, కారం ఒకటి, ఉప్పు ఒకటికి కాస్త తక్కువ, నూనె ముక్క మునిగేదాకా. ఇంట్లో ఒక జాడీకి ఇది చాలు. పదిమంది పది జాడీలు కలిపితే చాలదు. గిన్నె కొలిచేది చోటునే గాని బరువును కాదు. కల్లుప్పు రాళ్ళ మధ్య ఖాళీ ఉంటుంది, దంచిన ఉప్పులో అంత ఉండదు. అదే గిన్నెలో రెండోది ఎక్కువ తూగుతుంది. ఒకరు అంచుకి సమంగా చేత్తో గీసి పోస్తారు, ఇంకొకరు గోపురంలా పోస్తారు. సోల, తవ్వ, మానికలతో కొలిచినా ఇదే చిక్కు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అన్న లెక్క ఎంత ఖచ్చితమైనదైనా, అందులో పోసింది ఎంత గట్టిగా కూరుకుందో అది చెప్పదు.

కాబట్టి ఇలా చేయండి. పెద్దమ్మగారిని ఎప్పటిలాగే చేత్తో కలపమనండి, ఆవిడ పద్ధతి ఏమీ మార్చవద్దు. ప్రతి గిన్నె కలిపే ముందు మీరు దాన్ని కాటాలో పెట్టి గ్రాముల్లో రాసుకోండి. ఖాళీ గిన్నె బరువు తీసేయడం మరిచిపోకండి. ఇలా ఐదు వాయిలు రాస్తే, కిలో ముక్కలకి ఉప్పు ఒకసారి 190 గ్రాములు, ఇంకోసారి 215 గ్రాములు పడినట్టు తేలుతుందనుకుందాం. చాలామంది ఇక్కడ సగటు తీసి "202 గ్రాములు" అని రాసేస్తారు. అది తప్పు. "190 నుంచి 215 వరకు" అనే రాయాలి. ఆ మధ్యలో ఎక్కడున్నా ఆవిడకి సరిపోయింది కాబట్టే ఆ జాడీలు బయటికి వెళ్ళాయి. ఒక్క అంకె రాస్తే లేని ఖచ్చితత్వాన్ని కాగితానికి అంటగట్టినట్టవుతుంది.

తర్వాతదే అసలు పరీక్ష. ఎప్పుడూ ఆవకాయ కలపని సభ్యురాలి చేతికి ఆ కాగితం ఇవ్వండి. పెద్దమ్మగారిని పక్కనే కూర్చోమనండి, నోరు మాత్రం మెదపకూడదు. కలిపే ఆవిడ ఎక్కడ ఆగి "ఇదెలా?" అని అడిగితే, అక్కడ కాగితంలో ఒక వరుస లేదని అర్థం. సాధారణంగా బయటపడేవి ఇవి: కాయ కడిగి తుడిచి నీడన ఆరబెట్టాకే కొట్టాలని రాసి ఉండదు, ముక్కకి టెంక పెచ్చు అంటుకుని ఉండాలని ఉండదు, ఉప్పు ఎండబెట్టి దంచాలని ఉండదు, నూనె పచ్చిదో కాచి చల్లార్చిందో ఉండదు. ఇవన్నీ పెద్దమ్మగారి చేతికి తెలుసు గనుక ఆవిడ నోట రాలేదు. కానీ బూజు పట్టేది సరిగ్గా ఇక్కడే. ముక్క మీద తడి మిగిలితే ఆ తడి ఉన్నచోట ఉప్పు పలచబడుతుంది. నూనె పైకి తేలి ముక్కని కప్పకపోతే గాలి తగులుతుంది. ఆ రెండూ కలిస్తే వారంలో తెల్ల పొర కనబడుతుంది.

మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూడడం సంగతి? అది రుచి, దాన్ని గ్రాముల్లోకి తేలేం. కాయ పులుపు చెట్టు చెట్టుకీ మారుతుంది. అలాంటి చోట కాగితం మీద అంకె కాకుండా మనిషిని రాయండి: "మూడో రోజు ఫలానా ఇద్దరిలో ఒకరు రుచి చూడాలి. చాలకపోతే కిలో ముక్కలకి 15 గ్రాములకి మించకుండా కలపాలి. కలిపింది పుస్తకంలో రాయాలి." తీర్పు చెప్పే హక్కు ఎవరిది, ఎంతవరకు అన్నదే అక్కడ నియమం. ఫార్మలైజ్ చేయడమంటే చేతి తెలివిని తీసిపారేయడమని భయపడేవాళ్ళకి ఈ ఒక్క వరుస చూపించండి. ప్రతి జాడీకి తేదీతో ఒక నంబరు వేయండి. మే 6న కలిపిన రెండో జాడీ అయితే 0605-2. ఆ నంబరు కింద కాయ ఎక్కడిది, నూనె ఏ డబ్బాది, కలిపింది ఎవరు అని రాసి ఉంచితే, రేపు ఎవరైనా "పాడైంది" అని తెస్తే ఒక్క జాడీ సరుకే వెనక్కి తీసుకుంటారు, నెల సరుకంతా కాదు.

ఇప్పుడు కాగితాలు. మీ జిల్లాలో తెలుగువాళ్ళ దరఖాస్తులు పేరు దగ్గరే వెనక్కి రావచ్చు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అక్కడి ఫారాలు చివర అడుగుతాయి. ఒడియాలో "వ" పలుకు "బ"గా మారుతుంది కాబట్టి వరలక్ష్మి బరలక్ష్మి అవుతుంది, వెంకటమ్మ బెంకటమ్మ అవుతుంది. అక్కడి నుంచి ఇంగ్లీషు అక్షరాల్లోకి వచ్చేసరికి ఆధార్‌లో ఒక పేరు, పాన్‌లో ఇంకో పేరు, పాసుపుస్తకంలో మూడో పేరు తయారవుతుంది. మీ ఇంట్లో ఆ మూడూ ఒక మనిషేనని అందరికీ తెలుసు. కంప్యూటర్‌కి ముగ్గురు మనుషులు. పదిమందివీ మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి, అక్షరం అక్షరం పోల్చి, తేడా ఉన్నవి ముందు సరిచేయించండి. మిగతావన్నీ దీని తర్వాతే.

ఆ పైన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు చేయించుకోండి, 14 అంకెల నంబరు వస్తుంది, ప్రతి ప్యాకెట్ మీదా అది ఉండాలి. చిన్న పరిశ్రమలకి ఉండే ఉద్యం నమోదు 2020 జులై 1 నుంచి ఆన్‌లైన్‌లో ఉచితం, కాగితాలేవీ జతచేయనక్కర్లేదు. ఎవరైనా డబ్బు అడిగితే అది వాళ్ళ సొంత రుసుమే. సంఘం పేరున చేయించాలంటే సంఘానికి విడిగా పాన్ ఉండాలి. బ్యాంకువారు చెప్పిన పథకం బహుశా పీఎం ఎఫ్‌ఎంఈ. చిన్న ఆహార పరిశ్రమల కోసం 2020లో మొదలైంది, దాని పేరులోనే ఫార్మలైజేషన్ ఉంది. అర్హమైన ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల సబ్సిడీ. మీ వాటా కనీసం 10 శాతం. 4 లక్షల యూనిట్ అయితే మీరు 40 వేలు పెట్టాలి, 3 లక్షల 60 వేలు అప్పు, సబ్సిడీ 1 లక్షా 40 వేలు. ఆ సబ్సిడీ చేతికి నగదుగా రాదు. బ్యాంకులో మీ అప్పుకి ఎదురుగా మరో ఖాతాలో ఉంటుంది. మూడేళ్ళ తర్వాత యూనిట్ నడుస్తూ, వాయిదాలు సరిగా కట్టి ఉంటేనే అప్పులో జమ అవుతుంది. ఇది తెలియక సబ్సిడీ డబ్బుతో ఇల్లు బాగుచేసుకుందామని లెక్కలు వేసుకునేవాళ్ళు ఇబ్బంది పడతారు. సంఘ సభ్యులకి విడిగా ఒక్కొక్కరికి 40 వేల రూపాయల దాకా ప్రారంభ మూలధనం కూడా ఈ పథకంలోనే ఉంది. పథకాన్ని గడువు పెట్టి నడుపుతున్నారు కనుక, ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా అని, పథకం తరఫున దరఖాస్తుదారులకి సాయపడే జిల్లా రిసోర్స్ పర్సన్‌ని ముందు అడగండి.

పాతపట్నం విషయంలో మాత్రం తొందరపడకండి. మీకది పక్క ఊరే, జీఎస్టీకి మాత్రం పక్క రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్. ఒడిశాలోనే అమ్ముకుంటే ఏడాదికి 40 లక్షల లోపు సరుకుకి జీఎస్టీ నమోదు అక్కర్లేదు. పన్ను ఉన్న సరుకుని రాష్ట్రం దాటించి అక్కడి దుకాణానికి బిల్లు వేసి పంపితే ఆ 40 లక్షల మినహాయింపు వర్తించదు, మొదటి బిల్లుకే నమోదు కావాలి. చిన్న వ్యాపారులకని ఉన్న కంపోజిషన్ పద్ధతి కూడా రాష్ట్రం దాటి సరుకు అమ్మేవారికి ఇవ్వరు. ఆవకాయ పన్ను ఉన్న సరుకు. అప్పడాల మీద పన్ను లేదు, పన్ను లేని సరుకు మాత్రమే అమ్మేవారికి నమోదు బాధ్యత లేదు. కాబట్టి ముందు అప్పడాలు మాత్రమే పాతపట్నం పంపి, ఆవకాయని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు అమ్ముకుంటే మొదటి ఏడాది లెక్కలు తేలిగ్గా ఉంటాయని నా సలహా. అయితే ఈ మినహాయింపు లెక్క అమ్మేవారి మొత్తం వ్యాపారాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, రెండు సరుకులూ ఒకే సంఘం పేరున వెళుతున్నాయని చెప్పి, పంపే ముందు పన్ను లెక్కలు చూసేవారి చేత ఒకసారి సరిచూయించుకోండి.

ఇక మీ సున్నా. పేపరు నేను చూడలేదు గానీ, రెండో ఏడు విద్యార్థులు ఎక్కువగా జారేది రెండు చోట్ల. మొదటిది చిన్నది. "రెండు సరి సంఖ్యల మొత్తం సరి" అని నిరూపించమంటే a = 2k, b = 2k, కాబట్టి a + b = 4k అని రాసేస్తారు. రెండింటికీ ఒకే k వాడారంటే రెండూ ఒకే సంఖ్య అయినప్పటి సంగతే చెప్పినట్టు. 4కీ 10కీ మీరేమీ నిరూపించలేదు. a = 2k, b = 2m అని రాస్తే మొత్తం 2(k + m), పని అయిపోయింది. ఎదురుగా కూర్చుని చెబుతుంటే మీ ఉద్దేశం నాకు తెలుస్తుంది, నేనే సరిచేసుకుని వింటాను. కాగితం అలా సరిచేసుకోదు.

రెండోది లోతైనది. "ప్రతి తాళానికీ ఒక చెవి ఉంది" అన్న వాక్యం చూడండి. ఏ తాళం తీసుకున్నా దానికి పడే చెవి ఏదో ఒకటి ఉందనా? లేక ఒకే చెవి అన్ని తాళాలకీ పడుతుందనా? మాటల్లో సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటాం. గణితంలో "ప్రతి", "ఉంది" అన్న రెండింటిలో ఏది ముందో స్పష్టంగా రాయాలి. మీ పాఠంలోని అవిచ్ఛిన్నత (కంటిన్యుటీ), ఏకరూప అవిచ్ఛిన్నత (యూనిఫాం కంటిన్యుటీ) నిర్వచనాల మధ్య తేడా అంతా ఇదే. మొదటిదాంట్లో బిందువు మారితే డెల్టా, అంటే ఎంత దగ్గరగా ఉండాలో చెప్పే హద్దు, మారవచ్చు, అంటే తాళానికో చెవి. రెండోదాంట్లో ఒకే డెల్టా అన్ని బిందువులకీ చాలాలి. మీ నిరూపణలో డెల్టాని ఎప్పుడు ఎంచుకున్నారో, అది దేని మీద ఆధారపడిందో వెతకండి. తప్పు అక్కడే దొరకవచ్చు.

గణితజ్ఞులు కూడా ఒకరి నిరూపణని ఒకరు చాలావరకు నమ్మకం మీదే చదువుతారు. ఆ నమ్మకం చాలని రోజులు వచ్చాయి. బజారులో నారింజలు పేర్చే పద్ధతి కంటే ఒత్తుగా గోళాలను పేర్చలేమని కెప్లర్ 1611లో అన్నాడు. థామస్ హేల్స్ 1998లో దానికి నిరూపణ ఇచ్చాడు. అందులో పెద్ద భాగం కంప్యూటర్ లెక్కలు. పరిశీలకులు ఏళ్ళ తరబడి చూసి, 99 శాతం నమ్మకం ఉంది, అంతకు మించి చెప్పలేమన్నారు. హేల్స్ అప్పుడు ప్రతి అడుగూ యంత్రం సరిచూసేలా మొత్తం మళ్ళీ రాయడానికి పూనుకున్నాడు. ఎందరో కలిసి చేసిన ఆ పని 2014లో పూర్తయింది. ఇవాళ లీన్, రాక్ (పాత పేరు కాక్) లాంటి, నిరూపణలు సరిచూసే సాధనాలతో విద్యార్థులు కూడా ఇలా రాస్తున్నారు. మీరూ ఒకటి నేర్చుకోండి, సున్నాలు తగ్గుతాయి.

కానీ యంత్రం "సరే" అన్నంత మాత్రాన మీరు అనుకున్నది నిరూపించినట్టు కాదు. లీన్‌లో సహజ సంఖ్యల మీద 3 – 5 రాస్తే జవాబు 0 వస్తుంది, ఎందుకంటే సహజ సంఖ్యల్లో రుణ సంఖ్యలు లేవు, తీసివేతని అలా నిర్వచించారు. సున్నాతో భాగిస్తే కూడా 0 అనే ఇస్తుంది. ఇది తెలియకుండా రాసిన సిద్ధాంతం నిరూపణ అయిపోతుంది, అర్థం మాత్రం మీరు అనుకున్నది కాదు. నిరూపణలో అడుగులన్నీ యంత్రం చూస్తుంది. మనసులో ఉన్న ప్రశ్న, కాగితం మీద రాసిన ప్రశ్న ఒకటేనా అన్నది మనిషే చూడాలి. ఆ ఒక్క వంతెన మీద కాపలాకి ఏ నియమమూ లేదు. అందుకే అక్కడ ఇద్దరు చదవాలి.

మీ బావ పనిలో కూడా తప్పులు అక్కడే వస్తాయి. సరుకుల జాబితాని ధర ప్రకారం పేర్చే ప్రోగ్రాం కావాలనుకోండి. "బయటికి వచ్చే జాబితా చిన్న ధర నుంచి పెద్ద ధరకి ఉండాలి" అని మాత్రమే నియమం రాస్తే, ఖాళీ జాబితా ఇచ్చే ప్రోగ్రాం కూడా నెగ్గేస్తుంది. "లోపలికి ఇచ్చిన సరుకులన్నీ, అన్నిసార్లూ, బయట కూడా ఉండాలి" అన్న రెండో నియమం అవసరం. 1996 జూన్ 4న ఐరోపా ప్రయోగించిన ఏరియాన్ 5 రాకెట్ పైకి లేచిన 40 సెకన్ల లోపే పేలిపోవడానికి మూలం కూడా రాయకుండా వదిలేసిన ఒక షరతే. 64 బిట్ల అంకెని 16 బిట్ల చోటులో పెట్టారు, అందులో 32,767 దాటితే పట్టదు. పాత ఏరియాన్ 4 వేగాలకి అది ఎప్పుడూ దాటలేదు. ఆ ప్రోగ్రాం కొత్త రాకెట్‌లోకి వచ్చింది, "ఫలానా వేగం లోపలే" అన్న మాట మాత్రం దానితో రాలేదు. పెద్దమ్మగారి కాగితంలో "తుడిచి ఆరబెట్టాలి" అన్న వరుస లేకపోవడం లాంటిదే ఇదీ.

ఫార్మలైజేషన్ హాని చేసిన చోటు కూడా మీ ఊరి చరిత్రలోనే ఉంది, అది చెప్పకపోతే సగమే చెప్పినట్టు. పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేసిన గిడుగు వెంకట రామమూర్తి గారు కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. రాత లేని ఆ భాషకి, మాట్లాడేవాళ్ళ నోట విన్నదాన్ని బట్టి వ్యాకరణం కట్టారు. అది 1931లో అచ్చయింది. అదే మనిషి తెలుగు దగ్గరికి వచ్చేసరికి వ్యాకరణం పేరుతో జరిగేదాన్ని ఎదిరించారు. వందల ఏళ్ళ నాటి కావ్యాల భాషకి రాసిన నియమాలతో బడిపిల్లల ఇప్పటి మాటని తప్పు పట్టడం ఆయనకి అన్యాయంగా తోచింది. ఇందులో వైరుధ్యం లేదు. మొదటిది ఉన్నదాన్ని చూసి రాసిన నియమం, రెండోది రాసినదాన్ని చూపించి ఉన్నదాన్ని కొట్టడం. మీ సంఘం కాగితానికీ ఇదే గతి పట్టవచ్చు. వచ్చే వేసవికి కాయ మారుతుంది, మిరప రకం మారుతుంది, కొత్త సభ్యులు వస్తారు. ఏటా మొదటి వాయికి పెద్దమ్మగారు మళ్ళీ చేత్తో కలపాలి, మీరు మళ్ళీ తూచాలి. తేడా వస్తే దిద్దాల్సింది కాగితాన్ని.

పెద్దమ్మగారి భయానికి జవాబు తేలికే. నమోదు ఫారంలో ఏమేం చేస్తారో అడుగుతారు గానీ పాళ్ళు అడగరు. ప్యాకెట్ మీద పదార్థాల పేర్లు బరువు ఎక్కువైన దాని నుంచి తక్కువైన దాని దాకా వరుసగా రాయాలి. మామిడి ముక్కలు, నూనె, ఆవపిండి, కారం, ఉప్పు, మెంతులు – వీటిలో ఏది ముందో మీ తూకాల్ని బట్టి. పాళ్ళన్నీ రాయనక్కర్లేదు. గ్రాములున్న పుస్తకం ఒక్కటే ఉంచండి, అది పెద్దమ్మగారి పెట్టెలోనే ఉండనివ్వండి. దాని సంగతి తెలిసిన రెండో మనిషి మాత్రం సంఘంలో తప్పకుండా ఉండాలి, ఆవిడ ఎవరో పెద్దమ్మగారినే చెప్పమనండి.